కదిరమ్మ వేలిముద్ర

అనంతపురం,
22-9-1986.

చిరంజీవి హబీబాకు నాయన దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. బెంగుళూరులో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

నీ జాబులో మూడు సంగతులు అడిగావు. అమ్మ కంటికి ఆపరేషన్ అక్కర్లేదు, చుక్కల మందు చాలన్నారు. వాన లేదు. చెనక్కాయకు ఊడలు దిగే రోజులివి, నేల గట్టిపడి దిగడం లేదు. మూడోది కాగితం. దాని గురించి జరిగింది జరిగినట్టు రాస్తాను. చివరిదాకా చదువు.

ముప్పయ్యో తేదీలోగా తిప్పయ్య తల్లి కదిరమ్మ అనుమతి కాగితం అందకపోతే అతని కణాలున్న సీసాలన్నీ పారేయాలని మీ ల్యాబు డాక్టరమ్మ చెప్పిందని రాశావు. నీ రెండేళ్ల పని పోతుందనీ రాశావు. ఆ తేదీ మనసులో పెట్టుకునే పోయిన సోమవారం ఆమె ఊరు కుందుర్పికి బస్సెక్కాను.

కదిరమ్మకు తిప్పయ్య ఒక్కడే కొడుకు. బెంగుళూరులో అతని వృషణంలోని గడ్డ కోసి తీశారనీ, ఏడాది తిరగకుండా అతను చనిపోయాడనీ ఆమెకు తెలుసు. ఆ గడ్డలోని కణాలను మీరు ఇంకా పెంచుతున్నారని తెలియదు. నువ్వు రాసినట్టే చెప్పాను. అవి తల్లి కడుపులో పిండానికి మొదటి రోజుల్లో ఉండే కణాల లాంటివి, ఏమవ్వాలో ఇంకా తేల్చుకోనివి. ఒక మందు వేస్తే పోగులు చాచి నరాల కణాలవుతాయి. బిడ్డకు మెదడు ఎలా ఏర్పడుతుందో వాటిని చూసి తెలుసుకుంటున్నారు.

ఆమె మధ్యలో ఆపలేదు. విన్నాక కొడుకు సంగతి ఒకటి చెప్పింది. ఎనభైలో కరువప్పుడు ఊళ్లో పశువులన్నీ కటికవాళ్ల లారీ ఎక్కాయట. తిప్పయ్య తన చూడావును అమ్మనని మూడు రోజులు నడిపించుకుపోయి, కర్ణాటకలో బంధువుల ఇంట కట్టేసి వచ్చాడట. ఆ తర్వాత అడిగింది.

"బతికుండాయంటివే, ఏం పెట్టి సాకుతాండారప్పా?"

"చక్కెర, ఉప్పులు కలిపిన నీళ్లక్కా" అన్నాను.

ఆమె వేలిముద్ర వేసింది.

ఆ నీళ్ల మాట నిజమే. అయితే వాటిలో కటికవాళ్లు కోసిన చూడావు కడుపులోని పుట్టని దూడ నెత్తుటి తేట కలుపుతారనీ, అది లేకుంటే కణాలు బతకవనీ నువ్వు మే నెలలోనే రాశావు. ఆ ఒక్క మాట వదిలేశాను. అధికారుల ప్రకటనల్లో ఏ మాట వదిలేశారా అని వెతకడమే ఇరవై ఆరేళ్లుగా విలేకరిగా నా ఉద్యోగం.

కాగితం కవరులో పెట్టి, నీ అడ్రసు రాసి, పంపకుండా అయిదు రోజులు బల్ల మీద పెట్టుకున్నాను. ఆ దూడ మాట నీ కోసమే దాచానని అనుకున్నాను. అది సగమే. ఒక సాయిబు నోట దూడ నెత్తురు మాట వస్తే ఆ వాకిట్లో ఏమవుతుందోనని భయపడ్డాను. ఈ సంగతి మీ అమ్మకూ చెప్పలేదు.

నిన్న మళ్లీ పోయాను. కదిరమ్మ పశువుకు వేయడానికి ఎండిన చెనక్కాయ చెట్లు దులుపుతోంది. నిలబడే అంతా చెప్పాను, నా భయంతో సహా. చేతిలోని చెట్టును మట్టి పోయేదాకా దులిపి కింద పెట్టింది.

"నువ్వు సాయిబువని నాకు తెల్దా? తెలిసే మంచం వాల్చినా" అంది.

ముందే నిజం చెప్పివుంటే వేలిముద్ర వేసేదానివా అని అడిగాను. అడగాల్సింది కాదు.

"ఏసేదాన్నో లేదో నాకే తెల్దు. తేల్చేది నా పనప్పా. నా పని నువ్వు చేసి పోతివి."

చేయి చాచింది. కాగితం ఇచ్చేశాను. చించలేదు. మడిచి రొంటిన దోపుకుంది. నేను వీధిలోకి దిగాక వెనక నుంచి అంది.

"సాకేది నీ కూతురు కదా. ఆ పాపనే వచ్చి చెప్పమను. నువ్వు రావద్దు."

అందుకే ఈ కవరులో కాగితం లేదు. నీకు ఎనిమిది రోజులున్నాయి. రమ్మనడానికి గానీ వద్దనడానికి గానీ నాకు ముఖం లేదు. వస్తే కళ్యాణదుర్గంలో ఉదయం ఏడింటికి కుందుర్పి బస్సు ఉంది.

ఇంకొక మాట కూడా ఆమెకు చెప్పలేదు హబీబా. ఆమె కాదంటే ఆ సీసాలు పారేస్తారనీ, తిప్పయ్యది ఇంకేమీ మిగలదనీ. నిన్న అంతా చెప్పానని పైన రాశాను, చూడు. ఇది మాత్రం నోట రాలేదు. చెప్పాల్సింది ఇక నువ్వే. అది విన్నాక ఆమె తనకు తానే తేల్చుకునేదాకా, నువ్వు మాత్రం లేచి రావద్దు.

ఇట్లు,
నీ నాయన,
మహబూబ్ బాషా