పడటం నేర్చిన మన జట్టు

యాదన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే రహమత్ నగర్‌లో మన కబడ్డీ జట్టు మళ్ళీ ఓడింది. ఓడినందుకు కాదు, ఓడిన తీరుకు నాకు రోత పుడుతోంది.

పోయిన నెల ఫిల్మ్‌నగర్ సినిమావాళ్ళు మన కుర్రాళ్ళను కబడ్డీ సీన్‌కు తీసుకెళ్ళారు. హీరో చెయ్యి తగలగానే అంత దూరం ఎగిరి కింద పడాలి. వారమంతా అదే పని. ఇవాళ నిజం ఆటలో కూతకొచ్చినవాడు విదిలించగానే, నీ కొడుకు శీను పట్టిన కాలు వదిలేసి అలాగే ఎగిరి పడ్డాడు.

తర్వాత చాయ్ దుకాణం దగ్గర మనవాళ్ళ పంచాయితీ. "పోరగాండ్లకు దమ్ము లేదు, క్లబ్బు బంద్ చేద్దాం" అన్నాడు నర్సింగ్. ఆ షూటింగ్‌లో జనం మధ్య కూర్చుని, మన పిల్లలు పడ్డప్పుడల్లా ఈల వేసింది వీడే. అదే మొహం మీద అడిగాను.

"గది షూటింగే గదనే" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

ఒళ్ళు మండి, గ్లాసు అక్కడే పెట్టి లేచొచ్చాను.

మోకాలి చిప్ప పగిలినా పట్టిన కాలు వదలని మనిషివి నువ్వు. దారిలో శీను ఎదురొచ్చాడు. మట్టి దులుపుకుంటూ, ఆశగా అడిగాడు.

"మంచిగ పడ్డనా, కాకా?"