ఓబుళేశు బొటనవేలు

తనూజమ్మకు, రాయచోటి చెనిక్కాయల సంఘం లీడరు నమస్కరించి రాయడం.

మీరు ఆడవాళ్లకు పూచీ లేకుండా అప్పిస్తారని, కాయలొలిచే మిషను కోసం పదిమందిమీ ఫారాలు నింపాం. నిన్న మీ ఆఫీసు జయపాల్ వేలిముద్రల పెట్టె తెచ్చాడు. ఒక్కరి ముద్రా పడలేదమ్మా. చేతులు కడిగాం, ఆముదం రాశాం, అయినా ఎర్ర లైటే. పదేళ్లుగా విత్తనాలకు కాయలు ఒలిచీ ఒలిచీ మా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి.

ఆఖరికి మా ఆయన ఓబుళేశు అరుగు మీద నుంచి లేచొచ్చి బొటనవేలు పెడితే టక్కున పచ్చ లైటు వెలిగింది.

"ఏమ్మా, చూసినారా, నా వేలు ఎంత బాగుండాదో!" అని మురిసిపోయాడు.

మా సంఘంలో పెద్దామె విశ్వాసమ్మ ఊరుకుంటుందా? "పని చేసింటే కదప్పా అరిగేది!" అంది. అందరం పడీపడీ నవ్వాం.

ఇప్పుడు జయపాల్ అప్పు ఆయన పేరునే రాస్తానంటున్నాడు. అది మాత్రం కుదరదు. ముఖం చూసి గుర్తుపట్టే ఫోను ఉందట కదా, అది పంపండి. మిషను ఇంటికొస్తే మా వేళ్లకు గీతలు మళ్లీ వస్తాయి. అప్పుడు మీ పెట్టె మీద ఎన్నిసార్లు పెట్టమంటే అన్నిసార్లు పెడతాం.