పేజీలో పట్టని రెండు వాక్యాలు

మార్చి 11, బుధవారం

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాసుకునేది. ఇక్కడ ఆఫీసులో మన గదిలో అందరం క్షేమం అని మొదలుపెట్టబోయాను. తీరా చూస్తే ఆ అందరిలో ఉన్నది నేనొక్కడినే. మీ మోకాలి నొప్పి తగ్గిందని అక్క ఫోన్లో చెప్పింది. తను మాట్లాడుతుంటే పక్కన మీ దగ్గు వినిపించింది. రెండేళ్ళుగా మీ గొంతు నాకు ఆ దగ్గు వరకే తెలుసు బావా.

ఆఫీసు సంగతులు రాస్తాను. వెబ్‌సైట్‌లో వార్తలు పెట్టే సాఫ్ట్‌వేర్‌నే అటూ ఇటూ మార్చి పేపరు పేజీలు కట్టించడం మొదలుపెట్టారు కదా. మీరు వెళ్ళేనాటికి అది లోపలి పేజీల వరకే. ఇప్పుడు మొదటి పేజీ కూడా అదే కడుతోంది. వార్త ఎక్కిస్తే చాలు, తనే కాలమ్‌లు కొలుచుకుని, ఫొటో కత్తిరించుకుని, హెడ్డింగు సైజు తగ్గించుకుని కూర్చుంటుంది. మీకంటే వేగం ఎక్కువ, మీ అంత కోపం లేదు.

మొదట్లో మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. ‘వీడియో కోసం ఇక్కడ నొక్కండి’ అని మూడో పేజీలో అచ్చయింది. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, పొద్దుట్నుంచి నొక్కుతున్నా నాయనా, వేలికి సిరా అంటడం తప్ప ఏమీ రావట్లేదు అంది. పడిపడి నవ్వాను. ఫోన్ పెట్టేసి, మీకు చెబుదామని పక్క బల్ల వైపు తిరిగాను. అక్కడ ఇప్పుడు ప్రింటరు పెట్టారు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసిన చప్పుడు కూడా గదిలో నాకు పెద్దగా వినిపిస్తోంది. ఒంటరిగా ఉంది బావా, మీ దగ్గర దాచడమెందుకు.

పోయిన వారం జరిగింది మాత్రం నవ్వులాట కాదు. ఆసుపత్రిలో మందులు మాయం చేసిందని ఒక నర్సు మీద ఆరోపణ వచ్చింది. విచారణలో ఆమె తప్పేమీ లేదని తేలింది. ఆ సంగతి వార్తలో చివరి రెండు వాక్యాల్లో ఉంది. వెబ్‌సైట్‌లో వార్త ఎంత దూరమైనా పోతుంది, పేజీలో ఎక్కడో ఒకచోట ఆగాలి. చోటు చాలక సాఫ్ట్‌వేర్ ఆ రెండూ కోసేసింది. మీరైతే ప్రతి వార్తనూ కింది నుంచి పైకి చదివేవారు, కోత పడేది తోకకే కదరా అనేవారు. నేను పైనుంచి నాలుగు లైన్లు చూసి సరే అనేశాను.

మర్నాడు ఆమె పేపరు పట్టుకుని వచ్చింది. అరవలేదు. నా కూతురు బడికి వెళ్ళనంటోందండీ, ఆ రెండు ముక్కలకీ మీకు చోటు లేకపోయిందా అని అడిగింది. సవరణ వేశాం గానీ, ఆ పిల్ల బడికి వెళ్ళిందో లేదో తెలియదు.

దాంతో ఎడిటరుగారు, అచ్చు పేజీ క్షుణ్ణంగా తెలిసిన మనిషి కళ్ళారా చూస్తేగానీ ఏదీ ప్రెస్సుకు పోకూడదన్నారు. నేను మీ పేరు చెప్పాను. వస్తానంటే రేపే రమ్మనవయ్యా అన్నారు. సోమవారంలోగా మీ మాట చెప్పాలి. స్క్రీన్ గురించి భయపడకండి. నొక్కాల్సినవి నాలుగే, ఎప్పుడేది నొక్కాలో విడిగా రాసి ఈ కవర్లోనే పెట్టాను. రండి బావా. అక్కకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. మేనేజరు మిమ్మల్ని తీసేస్తుంటే నేను నోరు మెదపలేదని కదా మీ కోపం. మెదిపాను బావా. ఇద్దరిలో ఎవరుండాలని ఆయన నన్నే పిలిచి అడిగారు. మా బావకి స్క్రీన్ చేతకాదండీ, నేనొక్కడినే లాక్కొస్తాను అన్నాను. ఈ ఉద్యోగం ఇప్పించింది మీరు, పెళ్ళయ్యేదాకా అన్నం పెట్టింది మీ ఇల్లు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాను. ఇప్పుడు కూడా ఉన్నది ఒక్క ఉద్యోగమే, నాది. ఇవాళ రాజీనామా ఇచ్చేశాను. నా మొహం చూడాల్సి వస్తుందని మాత్రం మానేయకండి, మీరు వచ్చేసరికి నేనక్కడ ఉండను.