గిటార్ల బీరువా

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. సువార్త సభల్లో నా ప్రసంగాలకు తోడుగా నువ్వు వాయించిన గిటార్లన్నిటికీ చీపురుపల్లి వడ్రంగి చేత అద్దాల బీరువా చేయించాం. మెడ ఆనే కొక్కేలకు మెత్తని గుడ్డ చుట్టించాను. ఎలుకలూ దుమ్మూ ఇక వాటి జోలికి రావు.

తగిలించబోతుంటే అక్క అంది: "తీగలు వదులు సెయ్యరా. వాయించకుండా బిగించి ఉంచితే మెడ ఒంగిపోద్దని మీ బావ సెప్పీవోడు."

ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు నువ్వు పెట్టిన శ్రుతి అది. నాకు మండిపోయింది. యేసు పిలిస్తే సమాధిలోంచి లాజరు లేచి రాలేదా, మా బావ కూడా లేస్తాడని సభలో అరిచినట్టే అరిచాను.

"లెగుస్తాడ్రా, నాను కాదన్నానేటి? అందాకా ఎవులు వాయిస్తారు?"

ఎన్ని చావు ఇళ్ళలో నిలబడి ఎందరికి ధైర్యం చెప్పానో! అక్క ముందు మాత్రం కూర్చుని ఒక్కొక్క తీగే వదులు చేశాను. నీ చేతి శ్రుతి మళ్ళీ రాదని తెలిసీ మరలు తిప్పుతూనే ఉన్నాను.

అక్క అద్దాలు తుడిచింది. గిటార్లు చాలా అందంగా కనిపిస్తున్నాయి బావా. ఇప్పుడు వాటిలో దేనిలోనూ నువ్వు లేవు.