ముందు రాసి, తర్వాత చూడండి

ప్రియమైన టైలరమ్మకు,

ఫోన్లో మాట్లాడుతూనే నిద్రపోతున్నానని అలిగావుగా, అందుకే ఉత్తరం. కోల్డ్ స్టోరేజీలో పగలంతా పెట్టెలు మోసి గదికొచ్చేసరికి ఒళ్లు నాది కానట్టే ఉంటోంది. ఆప్షన్స్ ట్రేడింగ్ మీద ఒక పుస్తకం కొన్నాను. షేరు పెరుగుతుందనిపిస్తే, దాన్ని ఇవాళ్టి ధరకే కొనే హక్కుని కాస్త ప్రీమియం కట్టి తీసుకోవచ్చట. గడువులోగా బాగా పెరిగితే లాభం, లేకపోతే కట్టింది గోవిందా. పేజీ తిప్పేలోగా కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా వదలను. ఇది వంటబడితే ఇంట్లోనే ఉండి బతకొచ్చు.

ఇట్లు,
నీ నిద్రమొహం

ప్రియమైన నిద్రమొహం గారికి,

మీకోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. కాజాలు కుట్టి కుట్టి ఉన్న చూపు కూడా పోయేలా ఉంది. పాప మీ కుర్చీని బొమ్మలకిచ్చేసింది. ఆ పుస్తకమే నేనూ తెప్పించుకున్నాను. మీకు పేజీ తిప్పేలోగా వస్తే, నాకు ముందుమాటలోనే నిద్రొచ్చింది. డబ్బు మాత్రం పెట్టకండి. కొన్నాళ్లు కొన్నట్టు రాసుకుని, కాగితం మీదే ఉత్తుత్తిగా ఆడి చూడండి.

ఉంటాను మరి,
మీ టైలరమ్మ

ప్రియమైన టైలరమ్మకు,

నువ్వన్నట్టే కాగితం మీదే ఆడాను. దాదాపు అన్నీ గెలుపే. రాత్రి గదికి రాగానే ఆ రోజు ధరలు చూసి, పొద్దున ఏది కొనేవాడినో రాసుకుంటున్నాను. పుస్తకంలో చెప్పినట్టే అచ్చంగా జరుగుతోంది. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. నువ్వు ఊ అంటే సూపర్‌వైజరుకి ఇచ్చేస్తాను. దాచిందంతా ఇందులో పెడదాం. ఇంక ఆ చలిలోకి వెళ్లలేనే. ప్రాణం విసిగిపోయింది.

ఇట్లు,
నీ నిద్రమొహం

ప్రియమైన శ్రీవారికి,

ఊ అనాలనే ఉంది. రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నాను. మార్కెట్ నడిచినంతసేపూ మీరు చలిగదిలో ఉంటారు, మీ ఫోను గేటు దగ్గరుంటుంది. ధరలన్నీ తెలిశాక, పొద్దున ఇదే కొనేవాడినని రాసుకుంటే ఓడేదెవరండీ? నేనూ ఆడాను. పొద్దున మార్కెట్ తెరవకముందే రాసిపెట్టి, గడువు దాకా ఆగి చూశాను. ఇంచుమించు ప్రతిసారీ ప్రీమియం పోయింది. మనిద్దరం చదివింది ఒకటే పుస్తకం.

మీమీద కోపం లేదు. ఒళ్లు హూనమైన మనిషికి అంతకంటే ఏం తోస్తుంది? దాచింది దాచినట్టే ఉండనివ్వండి. రాజీనామా మాత్రం ఇచ్చేయండి. ఇక్కడ చొక్కాలు గుట్టగా పడున్నాయి. కాజాలు కుట్టడం నేర్పిస్తాను. నిద్రొస్తే కత్తిరింపు బల్ల మీదే పడుకుందురుగాని. ఇద్దరం కష్టపడితే ఎలాగోలా గడుస్తుంది. గెలిచి రావక్కర్లేదు, ఊరికే రండి.

మీరొస్తున్నారని చెప్పగానే పాప కుర్చీలోంచి బొమ్మల్ని దింపేసింది.

ఎదురుచూస్తూ,
మీ టైలరమ్మ