సుడిలో పోసిన ఇసుక

మంగళవారం రాత్రి, ఇంటర్నేషనల్ సిటీలో అమ్మాయి వాళ్ళ ఫ్లాట్

మనవరాలు బాల్కనీ కుండీలో పెంచుతున్న మొక్కజొన్నలో పొద్దున కత్తెర పురుగు కనిపించింది. ఊళ్ళో మా చేలో చేసినట్టే, నడిమి ఆకులు చుట్టుకుని ఉండే సుడిలో గుప్పెడు ఇసుక పోశాను. ఇసుక పడితే అది చస్తుంది. మొక్కను కాపాడానని మురిసిపోయాను కూడా.

బడి నుంచి వచ్చి చూసి పిల్ల ఒకటే ఏడుపు. "ఆ పురుగు కోసమే కదా అమ్మమ్మా, రోజూ నీళ్ళు పోస్తున్నాను! దానికి రెక్కలొస్తే చూద్దామనుకున్నా."

"పంటంతా తినేస్తుందే తల్లీ," అన్నాను.

"ఇక్కడ మనకి పంటెక్కడుంది?" అంది.

రోజూ నా పక్కన పడుకునే పిల్ల, అన్నం ముట్టకుండా వాళ్ళమ్మ దగ్గర పడుకుంది. ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటుందేమో.

ఇందాక వెళ్ళి ఇసుక తీసి చూశాను. పురుగు కదల్లేదు. అయినా పక్కన ఒక లేతాకు పెట్టి వచ్చాను...