బర్రె చావుకు తప్పు నాది

కార్తీక సోమవారం

నా పేరు మల్లమ్మ. వయసు అరవై దాటింది. హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో మా ఇల్లు. కొడుకు, కోడలు, మనవరాలు సుజాత, నిన్నటిదాకా రెండు బర్రెలు. నేను చెబుతుంటే సుజాత తన నోటుబుక్కులో రాస్తోంది.

బర్రెల రక్తం తాగే పిడుదులు చావడానికి కొడుకు మందు తెచ్చాడు. వేపనూనెలో కలిపి చేత్తో ఒక బర్రె ఒళ్లంతా పూసింది నేను. మా అమ్మ ఏ మందైనా అట్లాగే పూసేది. బర్రె ఒళ్లు నాక్కుంది. తెల్లారేసరికి చచ్చిపోయింది.

కొడుకు కోడలి మీదికి లేచాడు. "అమ్మకైతె సదువు రాదు. నీకేమైందే? పోరితోని డబ్బా సదివిపియ్యొద్దా? నడువ్ మీ అవ్వగారింటికి!"

"దాన్నేమంటవ్‌రా? పూసింది నేను!" అన్నాను. వినలేదు. కోడలు మూట కట్టుకుని కూర్చుంది.

బడి నుంచి వచ్చి సుజాత డబ్బా మీది ఇంగ్లీషు చదివి చెప్పింది. "నీళ్లల్లనే కలుపుమన్నరు, నాయనమ్మా. చేత్తోని ముట్టకు, నాకనియ్యకు అన్నరు."

అన్నీ హుకుములే. అంత గట్టిగా చెప్పేవాళ్లు ఇంగ్లీషులో కాక నాకు తెలిసిన మాటలో ఒక్కటి చెప్పినా వినేదాన్ని.

బర్రె ఎట్లాగూ తిరిగి రాదు. కోడలు గడప దాటితే నేనూ దాటుతాను. రేపు పొద్దున సుజాత ఇది వాళ్ల నాన్నకు చదివి వినిపించాలి.

మల్లమ్మ వేలిముద్ర.
విన్నవాళ్లు: రాసిన సుజాత, పక్కింటి రహీమా బీ.